రబ్బరు లేని లెక్కల క్లాసు: మా అపార్ట్‌మెంట్ తల్లిదండ్రులకు, కమిటీకి బహిరంగ లేఖ

అమ్మలకు, అయ్యలకు, క్లబ్‌హౌస్ తాళం చెవి చేతిలో ఉన్న కమిటీ సభ్యులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీరంతా కలిసి పంపిన వాట్సాప్ సందేశం చదివాను. నేను ఫోను చూసేది తక్కువ, మా అమ్మాయి చూపిస్తే గానీ తెలియలేదు. అందులో ఉన్నవి రెండే మాటలు. మొదటిది: "అంకుల్, పిల్లలు ఆరు, ఏడు తరగతుల్లోకి వచ్చేశారు. ఇంకా తీసివేతలు, ఎక్కాలేనా? జనవరిలో ఫౌండేషన్ కోర్సు ఎంట్రన్స్ ఉంది, ఈక్వేషన్లు మొదలుపెట్టండి." రెండోది: "క్లబ్‌హౌస్ క్లాసు రెసిడెంట్ల పిల్లలకే పరిమితం చేయండి." రెండో మాట ఎవరి గురించో మీకు తెలుసు, నాకు తెలుసు, మన గేటు పక్కన పూలబుట్ట పెట్టుకుని కూర్చునే ఆవిడకూ తెలుసు.

లిఫ్టులో కలిసినవాళ్ళకు కలిసినట్టు ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పడం నాకు చేతకాదు. అందుకే అందరికీ ఒకేసారి, బహిరంగంగా రాస్తున్నాను. ఈ బెంగళూరు రామ్మూర్తినగర్‌లో మనలాంటి తెలుగు ఇళ్ళు చాలానే ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళలోనూ ఇదే గొడవ నడుస్తుంటే వాళ్ళూ చదువుకోవచ్చు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నేను టీచర్ని కాను. మదనపల్లె, కదిరి వైపు బ్రాంచీల్లో 33 ఏళ్ళు బ్యాంకు గుమాస్తాగా, క్యాషియర్‌గా చేశాను. కంప్యూటర్లు రాకముందు లెడ్జర్లు చేత్తో రాసినవాణ్ణి. నాకు లెక్కలంటే సిద్ధాంతం కాదు, సాయంత్రం ట్యాలీ అయితే ఇంటికి పోవచ్చు, కాకపోతే పోలేం. నా పద్ధతుల్లో ఎక్కడైనా ఆ వాసన కొడితే సర్దుకోండి.

మొదటి మాటకు వస్తాను.

జూన్‌లో మొదటి రోజు నేనిచ్చిన మొదటి లెక్క: 500లోంచి 187 తీసేయండి. పద్నాలుగు మంది పిల్లలు. ముగ్గురు 487 అని రాశారు. నాకు ఆ 487 భలే నచ్చింది. నచ్చింది అంటే తప్పు నచ్చిందని కాదు, అది ఎలా వచ్చిందో కాగితం మీద స్పష్టంగా కనబడుతోంది కాబట్టి. సున్నాలోంచి 7 పోదు, సరే 7లోంచి సున్నా తీసేద్దాం, 7. అక్కడా అంతే, 8. అయిదులోంచి ఒకటి పోతే 4. పిల్లవాడు బద్ధకస్తుడు కాడు, వాడికి ఒక నియమం ఉంది, దాన్ని శ్రద్ధగా పాటించాడు. నియమమే తప్పు. పక్కింటి నుంచి అప్పు తేవాలి, ఆ ఇంట్లోనూ సున్నాయే ఉంటే దాని పక్కింటికి పోవాలి అన్నది వాడికి ఎవరో చెప్పారు, కానీ చేతికి పట్టలేదు.

అందుకే నా క్లాసులో రబ్బరు నిషేధం. మీలో కొందరు దీని మీద కూడా అడిగారు, నోటుబుక్కు గలీజుగా ఉంటోందని. అమ్మా, చెరిపేస్తే నాకు మిగిలేది తప్పు జవాబు ఒక్కటే, దారి మిగలదు. బ్యాంకులో మేం తప్పు అంకెను చెరపకూడదు, దాని మీద ఒక గీత గీసి, పైన సరైనది రాసి, చిన్న సంతకం పెట్టాలి. పిల్లలకూ అదే చెప్పాను. సంతకం పెట్టడం వాళ్ళకు మహా సరదా, అందుకోసమే తప్పు చేస్తున్నారేమో అని ఒక్కోసారి నా అనుమానం.

306ను 3తో భాగించమంటే అయిదుగురు 12 అని రాశారు. మధ్యలో సున్నా మింగేశారు. మనలో ఒకాయన, ఐదో ఫ్లోరు, నెలకు ట్యూషన్‌కే బోలెడు కడుతున్నామని చెప్పిన పెద్దమనిషి, వాళ్ళ అబ్బాయి కూడా ఆ అయిదుగురిలో ఉన్నాడు. పేర్లు రాయను. ఎవరి తప్పు ఎవరిదో పిల్లలకు తెలుసు, అది చాలు. పల్లెటూరి పిల్లల చదువు మీద ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే, దాని 2024 నివేదికలో ఉంది: ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు నూటికి 31 మంది లోపే. ఆ వార్త చదివి మనం "అయ్యో పాపం గవర్నమెంటు బడులు" అనుకుని పేపరు మడిచేస్తాం. మన క్లబ్‌హౌస్‌లో ఆ కాగితం ఇచ్చి చూస్తే గానీ తెలియదు.

ఇప్పుడు మీ ఈక్వేషన్ల సంగతి. పోయిన నెల ఒక తల్లి వచ్చి, "మా పాప ఆల్జీబ్రాలో వీక్ అంకుల్" అంది. నోటుబుక్కు తెమ్మన్నాను. 7x + 4 = 60. పాప 4ను అటువైపు పంపింది, 56 అని రాసింది, ఇరువైపులా 7తో భాగించాలని కూడా రాసింది. ఆ తర్వాత x = 9. నేను అన్నాను, "పాప ఆల్జీబ్రాలో వీక్ కాదమ్మా, ఏడెనిమిదుల్లో వీక్." ఆ తల్లి నవ్వింది, కానీ నమ్మలేదు. మర్నాడు అదే పాపకు ఇంకోటి ఇచ్చాను. 42/56ను సూక్ష్మరూపంలో రాయమన్నాను. అక్కడా ఇరుక్కుంది, అదే చోట. ఏడెనిమిదులు యాభై ఆరు నాలుక మీద లేకపోతే భిన్నాల దగ్గర ఒకసారి, క.సా.గు. దగ్గర ఒకసారి, సమీకరణం దగ్గర ఒకసారి కాలు జారుతూనే ఉంటుంది. ప్రతిసారీ మనం కొత్త పేరు పెట్టి కొత్త ట్యూషన్ వెతుకుతాం.

ఇంకో రకం తప్పు ఉంది, ఇది ఎక్కాలతో పోయేది కాదు. బోర్డు మీద ఇలా రాశాను: 9 + 6 = □ + 5. పెట్టెలో ఏం రాయాలి? చాలామంది 15 రాశారు. ఒకడు 20 కూడా రాశాడు. వాళ్ళ దృష్టిలో ఆ రెండు గీతలకు అర్థం "జవాబు ఇక్కడ రాయి" అని. క్యాలిక్యులేటర్ మీద బటన్ లాంటిది. రాబర్ట్ రికార్డ్ అనే ఆయన 1557లో ఆ గుర్తు మొదలుపెట్టినప్పుడు, ఒకే పొడుగున్న రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి ఇంకేముంటాయి అనే గీశాడు. అది తూకం. ఇటు ఎంతో అటు అంత. ఈ ఒక్క సంగతి పట్టనివాడికి మీరు ఎన్ని ఈక్వేషన్లు చేయించినా, "అటువైపు పోతే గుర్తు మారుతుంది" అనే మంత్రం ఒక్కటే మిగులుతుంది. ఎందుకు మారుతుందో అడిగితే మొహం చూస్తాడు.

ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ కొత్త పుస్తకాలు తిరగేశాను, మా మనవరాలివి. ఆరో తరగతి పుస్తకం సున్నాకు అవతలి వైపు దగ్గర, అంటే ఋణ సంఖ్యల దగ్గర ఆగుతుంది. అక్షరాలు ఏడో తరగతిలో వస్తాయి, అదీ అంకెలతో రాసే సమాసాల పాఠం అయిన తర్వాతే. పుస్తకం రాసినవాళ్ళకు లేని తొందర మనకెందుకో.

ఋణ సంఖ్యలంటే గుర్తొచ్చింది, కాస్త పక్కదారి పడతాను. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు తాతా?" అని ఒకడు అడిగాడు. నెగెటివ్ అన్న మాటలో వాడికి ఏ బొమ్మా కనబడదు. మన మాటలో బొమ్మ ఉంది. ఋణం అంటే అప్పు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సూత్రాలు రాసింది ధనం, ఋణం అన్న మాటలతోనే. నీ పద్దులో తలా యాభై రూపాయల అప్పులు మూడు ఉన్నాయిరా, వాటిని కొట్టేశాను, ఇప్పుడు నీ పరిస్థితి ఎంత మెరుగైంది అని అడిగాను. నూటయాభై అన్నాడు. అప్పుల్ని తీసేయడం అంటే మైనస్‌ను మైనస్ చేయడం, అంతే. బ్యాంకువాడికి ఇంతకంటే సొంత ఊరు ఏముంటుంది. మీ పిల్లలకు తెలుగు రాదని మీరు బాధపడుతుంటారు కదా, లెక్కల్లో నాలుగు తెలుగు మాటలు పెట్టి చూడండి. హారం, లవం, శేషం, ఋణం. శేషం అంటే మిగిలింది అని వాళ్ళకు ఇంట్లోనే తెలుసు.

నేను మొదట్లో తప్పు చేశాను, అదీ చెప్పాలి. లెడ్జరు అలవాటు కొద్దీ జూన్‌లో రోజుకు యాభై తీసివేతలు ఇచ్చేవాణ్ణి. రెండు వారాల్లో సగం మంది రావడం మానేశారు. మా మనవరాలు నిలదీసింది: "తాతా, పేజీ అంతా తీసివేతలే అని ముందే తెలిస్తే ఇంక ఆలోచించేది ఏముంది?" నిజమే. ఏ పనిముట్టు తీయాలో ఆలోచించడమే సగం లెక్క. ఇప్పుడు రోజుకు పదే లెక్కలు, పదిహేను నిమిషాలు. అందులో సగానికి పైగా పాతవి, పోయిన వారానివి, పోయిన నెలవి, కలగాపులగంగా. భిన్నం పక్కన భాగహారం, దాని పక్కన శాతం. మర్చిపోయే లోపల మళ్ళీ ఎదురుపడాలి. వేసే ముందు ఉజ్జాయింపు చెప్పాలి: 48ని 21తో హెచ్చవేస్తే దాదాపు వెయ్యి. ఆ తర్వాత వేసి 1,008 వస్తే సరే, 108 వస్తే వాడికే అనుమానం రావాలి. గడియారం పెట్టను. గడియారం చూస్తే తెలిసిన పిల్లలకు కూడా చెయ్యి వణుకుతుంది, మొదటి క్యాష్ కౌంటర్ రోజు నాకు వణికినట్టు. మిగిలిన పదిహేను నిమిషాలు ఆ రోజు తప్పుల గురించి కబుర్లు. వాట్సాప్‌లో మీరు పంపిన యాప్, అదే బంగారు నాణేలు గలగలమనేది, చూశాను. అది తప్పని చెబుతుంది. ఎందుకు తప్పో చెప్పదు. దాంతో నాకు పేచీ అక్కడే.

ఇక అసలు సంగతి. మీరు ఈక్వేషన్లు మొదలుపెట్టమన్నారు. అవి మొదలై రెండు నెలలైంది, మీరు గుర్తుపట్టలేదు.

2025 ఆగస్టు 1 నుంచి మన బెంగళూరు ఆటో మీటరు మారింది కదా. మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. (మీటరు వేసే ఆటో దొరికితే. అది వేరే లేఖ.) కె.ఆర్.పురం స్టేషనుకు, ఇందిరానగర్‌కు, మెజెస్టిక్‌కు ఎంతవుతుందో లెక్క కట్టమన్నాను. మొత్తం దూరంలోంచి 2 తీసి, 18తో హెచ్చవేసి, 36 కలపాలి. పది దూరాలకు వేసి వేసి విసుగెత్తి ఒక పిల్ల అంది, "తాతా, దూరానికి ఒక పేరు పెట్టేస్తే ఒక్కసారి రాసి ఊరుకోవచ్చు కదా." k అని పెట్టింది. 36 + 18(k − 2). ఆ రోజు బోర్డు మీదికి అక్షరాన్ని నేను తేలేదు, విసుగు తెచ్చింది. కాసేపటికి ఇంకొకడు బ్రాకెట్టు విప్పి గోల పెట్టాడు: 36లోంచి 36 పోయింది, మిగిలింది ఊరికే 18k! అంటే కిలోమీటరుకు 18 అని బోర్డు పెట్టేసినా సరిపోయేదిగా? అందరూ చప్పట్లు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు: "కిలోమీటరే పోతే 18 ఇస్తే ఊరుకుంటాడా అన్నా? 36 గుంజుతాడు." గది నిశ్శబ్దం. k రెండుకు తక్కువైతే ఆ సూత్రం చెల్లదు. చరరాశికి, అంటే ఆ k లాంటి అక్షరానికి, హద్దు ఉంటుందన్న సంగతి పిల్లలకు అలా తెలిసింది.

బ్రాకెట్టు విప్పడం కూడా ఊరికే రాలేదు. 2(x + 3) = 2x + 3 అని రాసేవాళ్ళు మన దగ్గర నలుగురు ఉండేవాళ్ళు. దర్శినిలో, అదే మన నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఇద్దరం తలా ఒక ప్లేటు ఇడ్లీ, ఒక కాఫీ తీసుకుంటే బిల్లు రెండు ఇడ్లీలకూ ఒక్క కాఫీకీ వేస్తాడా అని అడిగాను. అలా వేసే దర్శిని ఉంటే చెప్పండి, మిమ్మల్నందరినీ రోజూ నేనే తీసుకెళ్తాను అన్నాను. ఆ తప్పు ఆ రోజుతో సగం పోయింది. మిగతా సగం రోజువారీ పది లెక్కలతో పోతోంది.

ఆ వెనక గొంతు ఎవరిదో చెప్పాలా? పూలావిడ కూతురిది.

ఆ పిల్లకు పన్నెండేళ్ళు. గవర్నమెంటు కన్నడ మీడియం బడి. ఇంట్లో మన కదిరి తెలుగు. సాయంత్రం తల్లి పక్కన కూర్చుని మల్లెపూలు కొలుస్తుంది. మూర ముప్పై అయితే రెండున్నర మూరలు డెబ్భై అయిదు అని కొలిచే చెయ్యి ఆగకుండా చెబుతుంది. అదే లెక్క మొదటి రోజు కాగితం మీద 2½ × 30 అని రాసిస్తే ఖాళీగా తిరిగిచ్చింది. "ఇది బడి లెక్క, తాతా. మాది బుట్ట లెక్క" అంది.

2025 ఫిబ్రవరిలో నేచర్ అనే సైన్సు పత్రికలో నోబెల్ వచ్చిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు ఇదే రాశారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మే పిల్లలు కాగితం ముట్టకుండా చిక్కు బేరాలు తేలుస్తారు, పుస్తకంలో అంతకంటే తేలికైన లెక్క ఇస్తే తడబడతారు. బడికి మాత్రమే పోయే పిల్లలది తలకిందులు: పుస్తకం లెక్క వస్తుంది, బజారు లెక్క రాదు. ఒకటి నేర్చినంత మాత్రాన రెండోది దానంతటది రాదు. మన క్లబ్‌హౌస్‌లో ఆ రెండు రకాల వాళ్ళూ ఒకే చాప మీద ఉన్నారు. ఇంత మంచి ఏర్పాటును చెడగొట్టమని మీరు నన్ను అడుగుతున్నారు.

500లోంచి 187 దగ్గరికి మళ్ళీ రండి. 487 రాసిన ముగ్గురికి నేను రెండు రోజులు అప్పు తేవడం చెప్పాను. అర్థమైనట్టే ఉండేది, మర్నాటికి పోయేది. మూడో రోజు ఈ పిల్ల అంది, "అట్లా ఎందుకు తీస్తారు? కలుపుకుంటూ పోండి." చిల్లర ఇచ్చినట్టు చూపించింది. 187కి మూడు ఇస్తే 190. పది ఇస్తే 200. మూడు వందలు ఇస్తే 500. ఇచ్చింది ఎంత, 313. బజారులో ప్రతి అంగడివాడూ చేసేదే. దాన్ని బోర్డు మీద 187 + □ = 500 అని రాశాను. పెట్టె చెరిపి (బోర్డు మీద చెరపవచ్చు, నోటుబుక్కులోనే చెరపకూడదు) x అని రాశాను. "నువ్వు రోజూ బుట్ట దగ్గర చేసేది ఇదే, దీన్నే వీళ్ళ అమ్మానాన్నలు ఈక్వేషన్ అంటారు" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, నన్ను ఎగాదిగా చూసింది. ఇప్పుడు కాగితం మీద కూడా చేస్తోంది. ఆ ముగ్గురూ నోటితో చిల్లర లెక్క చెబుతున్నారు. ఎవరు ఎవరికి నేర్పారో నాకు తెలియదు గానీ, నేను మాత్రం కాదు.

పిల్లలు నన్ను ఒక కథ మళ్ళీ మళ్ళీ చెప్పమంటారు, మీకూ చెప్పేస్తాను. 1984 జూన్ 30, హాఫ్ ఇయర్లీ క్లోజింగ్. రాత్రి పదకొండు. పుస్తకాలు ట్యాలీ కాలేదు, 63 రూపాయలు తేడా. నాకు ఉద్యోగం కొత్త, మొదటి పేజీ నుంచి మళ్ళీ కూడుతున్నాను. మా హెడ్ క్లర్కు గారు వక్క నములుతూ అన్నారు, "63 తొమ్మిదితో పోతుందా? పోతుంది కదా. అయితే ఎక్కడో అంకెలు తారుమారు రాశారు. 63లో తొమ్మిదులు ఏడు, కాబట్టి ఏడు తేడా ఉన్న అంకెల జంటలే వెతుకు." చివర 18, 81, 29, 92, 07, 70 ఉన్న పద్దులే చూశాను. పావుగంటలో దొరికింది. 1,292 అని ఉండాల్సిన చోట 1,229. ఆయనది మంత్రమే అనుకున్నాను, ముప్పై ఏళ్ళు అలాగే వాడాను, ఎందుకు పనిచేస్తుందో ఎప్పుడూ అడగలేదు.

మొన్న అక్టోబరులో క్లాసులో ఈ కథ చెబితే, x = 9 రాసిన ఆ పాపే అడిగింది, "ఎందుకు తొమ్మిదే తాతా? ఎనిమిది ఎందుకు కాదు?" నాకు జవాబు తెలియదు. పిల్లలే కూర్చున్నారు. ముందు ఇరవై ముప్పై తీసివేతలు వేశారు: 52లోంచి 25, 83లోంచి 38, 71లోంచి 17. అన్నీ తొమ్మిదితో పోతున్నాయి. ఆ తర్వాత పదుల స్థానంలో a, ఒకట్ల స్థానంలో b పెట్టారు. 10a + b లోంచి 10b + a తీసేస్తే 9a − 9b, అంటే 9(a − b). అది చూసి నేను కాసేపు మాట్లాడలేదు. 1984 నాటి రాత్రి ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు 2025లో తెలిసింది. ఆ ముప్పై తీసివేతలు తప్పులేకుండా వేయలేని పిల్లలకు ఆ నమూనా కనబడేదే కాదు. అందులో ఒక్కటి తప్పు వచ్చినా, "అన్నిసార్లూ పోదులే" అని వదిలేసేవాళ్ళు.

కాబట్టి నా పద్ధతి మారదు. రోజుకు పది లెక్కలు ఉంటాయి, ఎక్కాలు ఉంటాయి, x కూడా దానికి పని పడిన రోజున వస్తూనే ఉంటుంది. జనవరి ఎంట్రన్స్ ముఖ్యమనుకున్నవాళ్ళు పిల్లల్ని అక్కడికి పంపుకోండి, నాకేం కోపం లేదు, సాయంత్రం ఖాళీ ఉంటే ఇక్కడికీ రానివ్వండి.

కమిటీ వారికి: ఆ పిల్ల వస్తుంది. క్లబ్‌హౌస్ ఇవ్వడం కుదరదంటే చెప్పండి. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో వాచ్‌మన్ గది పక్కన మా అమ్మాయి కారు నిలిపే చోటు ఉంది. సాయంత్రం ఏడు దాకా కారు రాదు. బోర్డు మడతపెట్టేదే, చాపలు నావే. అక్కడైతే దోమలు ఎక్కువ, అదొక్కటే.

తేల్చుకునే ముందు ఒక్క పని చేయండి. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి తల్లిదండ్రులే రండి, పిల్లల చోట్లో కూర్చోండి. రెండే లెక్కలు ఇస్తాను, ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఒక వస్తువు ధర 20 శాతం పెంచి, ఆ పెరిగిన ధర మీద 20 శాతం తగ్గిస్తే మళ్ళీ మొదటికే వస్తుందా? రెండంకెల సంఖ్యను తిరగేస్తే అది 27 పెరిగింది. అలాంటివి ఎన్ని ఉన్నాయి? ముందు ఉజ్జాయింపు, తర్వాత కాగితం. దిద్దేది మీ పిల్లలు.

పెన్సిళ్ళు మీరే తెచ్చుకోండి. రబ్బర్లు గేటు దగ్గర పూలావిడకు ఇచ్చి రండి.

ఇట్లు,
రెండో ఫ్లోరు లెక్కల తాత
రామ్మూర్తినగర్, బెంగళూరు